ఆపా కిడ్నీ, మా పాత మైక్రోస్కోపు

ముందే ఒప్పేసుకుంటున్నాను, చిటికెడు జరిగితే బస్తాడు చెప్పే మనిషిని నేను. ఆ రోజుల్లో మా ల్యాబు మైక్రోస్కోపు నిజాం కాలం నాటిదని నేనంటే, మీరో అరవై ఏళ్లు కోసేసుకోండి. 2011. మేడ్చల్ రోడ్డు మీద ల్యాబు, కొత్త ఉద్యోగం, మచ్చ బొల్లారం నుంచి బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలి ప్రయాణం (రెండో కాలికి చోటు నా పెళ్లయ్యాక గానీ దొరకలేదు). కిడ్నీ మార్చే ముందు, తీసుకునేవారి రక్తంలో ఇచ్చేవారి మీద విరుచుకుపడే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడటం మా పని. పాత పద్ధతిలో ఒకరి సీరంలో ఇంకొకరి కణాలు వేస్తే, ఎన్ని చచ్చాయో మా పెద్దసారు కంటితో లెక్కపెట్టేవారు. కొత్తగా వచ్చిన యంత్రమేమో యాంటీబాడీలను పూసల మీద పట్టి తానే చెప్పేసేది. ఏది నమ్మదగిందో పోల్చి చూడమన్నారు. యంత్రానికి ఏసీ, మాకు ఫ్యాను. అదీ యంత్రం వైపే తిరిగి ఉండేది.

అప్పుడొచ్చాడు శామీర్‌పేట నుంచి ఒక కూరగాయల వ్యాపారి, రెండు కిడ్నీలూ చెడిపోయి. వెంట, తన కిడ్నీ ఇస్తానన్న అక్క. ఆయన ఆపా అంటే మేమూ ఆపా అన్నాం. యంత్రం 'యాంటీబాడీలు లేవు' అంది. మైక్రోస్కోపు కింద మాత్రం ఆపా కణాలు కుప్పలుగా చచ్చి పడున్నాయి. అదే నిజమైతే ఆపరేషన్ లేదు. ఇవ్వడానికి ఇంకో మనిషీ లేడు. సంగతి వినగానే ఆపా తమ్ముడి మీద లేచింది.

"జూస్తివా బేటా! వీని పెండ్లి వలీమాల మా ఇంటాయనకు బిర్యానీల ముక్కల్లేకుండ అన్నీ బొక్కలే వడ్డించిండ్రని అలిగి తినకుండ వోయిన. ఇరవై ఏండ్లాయె. నేను మర్సిన, వీడు మర్వలే! గా కోపమంత నెత్తుట్ల దాసుకున్నడు!"

"నీ మీద నాకు కోపమేంది ఆపా? బిర్యానీ ఇంటికి గూడ పంపిస్తి గదా!" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"సల్లగైనంక పంపిస్తివి!"

అరుస్తూనే దుపట్టా కళ్లకు అద్దుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇంకొక్కసారి జూడు బేటా. వీడు నా సేతులల్ల పెరిగిండు" అంది.

మర్నాడు నేను బాగా ఆలోచించి, ఆపా కణాలకు బదులు తమ్ముడి కణాలనే తమ్ముడి సీరంలో వేశాను. అవీ చచ్చాయి! పెద్దసారు లేబులు చూశారు, నన్ను చూశారు, మళ్లీ లేబులు చూశారు. తానే ఇంకోసారి పెట్టి చూశారు. అవీ చచ్చాయి. "ఈయనకు అక్క మీద కాదయ్యా కోపం, తన మీద తనకే" అన్నారు. కొత్త కిడ్నీ జోలికి పోని ఏవో యాంటీబాడీలు ఎవరి కణాలు కనబడితే వాటిని చంపుతూ మమ్మల్ని హడలగొట్టాయన్నమాట. ఒక మందు కలిపి వాటిని అణచి మళ్లీ పరీక్ష పెడితే, ఆపా కణాలు నిక్షేపంగా బతికున్నాయి. యంత్రమూ మైక్రోస్కోపూ ఒక్కమాట మీదికొచ్చాయి. డాక్టర్లూ సరేనన్నారు.

"గంతేనా? గీ కిరికిరిగానికి తనతోని తనకే పడదా? ఇగ నా కిడ్నీనే వీనికి బుద్ధి సెప్తది తియ్యి!" అంది ఆపా.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు తమ్ముడే ల్యాబుకు పొగలు కక్కే బిర్యానీ మోసుకొచ్చాడు, వెతికినా ఒక్క బొక్క లేకుండా. అది తెచ్చిన డేగిసాలో నేను కాళ్లు చాపి పడుకోవచ్చు (సగానికి తగ్గించుకోండి).

పెంచి చెప్పినవి మీరే తగ్గించుకోగలరు. అచ్చంగా కల్పించింది మాత్రం ఒక్కటే, 'బాగా ఆలోచించి' అన్న మాట. ఆ రోజు నా చేతిలో రెండు ట్యూబులు తారుమారయ్యాయి, అంతే. పెద్దసారుకు తెలుసు. రిజిస్టర్లో 'సొంత కణాలతో పరీక్ష' అని రాసి, నా చెవిలో "రేపట్నుంచి లేబులు చదువు నాయనా" అన్నారు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ప్రతి లేబులూ మూడుసార్లు చదువుతాను. ఇన్నేళ్లలో అంత మంచి తప్పు మళ్లీ ఒక్కటీ చేయలేకపోయాను.