కమలత్త నేర్పిన సగం ఇటాలియన్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు చెప్పే మనిషిని. మూడు వంతులు తీసేసి చదువుకోండి. ఈ ఉదయం ఒర్లియంపేటలో మా బట్టల కొట్టు మెట్ల మీద ఒక ఇటలీ పెద్దాయన, తడబడుతున్న భార్య చెయ్యి పట్టుకుని "పియానో, పియానో" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని. ఆ మాట చెవిన పడగానే నా చేతిలోని గజంబద్ద జారిపోయింది. పేట మొత్తం ఊపిరి బిగబట్టింది.

ఆ మాటతో సహా నాకు ఇటాలియన్ నేర్పింది నటేశన్ నగర్‌లో మా పక్కింటి కమలత్త. ఆమె భర్త ఇటలీ ఓడలో వంటవాడు. మేము మామ అనేవాళ్ళం. ఆయన సెలవుకు వచ్చినప్పుడు, గోడ అవతలి గుసగుస కూడా వినగల అత్తగారున్న ఇంట్లో, ఆ మొగుడూ పెళ్ళాలు ఇటాలియన్‌లో కబుర్లు చెప్పుకునేవారు. "ఏందిరా ఆ గొణుగుడు? నన్నేనా తిట్టేది?" అని ముసలామె అరిస్తే తేంగాయితిట్టు రేవులో పడవలు కదిలేవి. మామ పోయిన కొన్నాళ్ళకు, కొట్టుకు వచ్చే ఇటలీ యాత్రికులతో బేరాలు పెంచుకుందామని నేను కమలత్త దగ్గర శిష్యరికంలో చేరాను.

వానాకాలమంతా నేర్చుకుని, కొట్టుకు వచ్చిన ఒక ఇటలీ దొరసానిని "ఆయ్ మంజాతో, కారా?" అని ఘనంగా పలకరించాను. ఆమె కళ్ళు గుమ్మడికాయలంతయ్యాయి. వెంట ఉన్న గైడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తిన్నావా బంగారం, అన్నారు సార్ మీరు!"

సాయంత్రం మండిపడుతూ వెళ్ళాను. "ఏందత్తా ఇది! రేటు, సైజు, తగ్గింపు, ఒక్క ముక్కా నేర్పలేదే!"

"రేటు చెప్పేదానికి క్యాల్కులేటరుంది గదరా," అంది. తల వంచుకుని పప్పు ఏరుతూ మళ్ళీ అంది. "ఆయన పోయినాక ఆ మాటలు ఈ ఊర్లో యాడ వినేది నేను? ఎవురన్నా అడిగితే గదా బదులు చెప్పేది!"

అప్పుడు అర్థమైంది. ఆమె నాకు నేర్పినవన్నీ మామ ఆమెను అడిగే మాటలే, బదులు చెప్పే సగం ఆమె దగ్గరే ఉంది.

ఆ రోజు నుంచి కొట్టు మూసి ఇంటికి వెళ్ళే ముందు ఆమె గుమ్మంలో నిలబడి "ఆయ్ మంజాతో?" అనేవాణ్ణి. "కారా" మాత్రం ఒద్దంది. "అది మీ మామది, నీకెందుకు?" లోపలినుంచి "అంకోరా నో," ఇంకా లేదు, అని జవాబు వచ్చేది. "అచ్చం మీ మామే అన్నట్టుంది పోరా!" అని మురిసిపోయేది. ఇప్పుడు ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. అయినా ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు నా నోరు దానంతటది తెరుచుకుంటుంది. అడగడం ఇంకా మరిచిపోలేదు.

పడవలు కదలలేదు, పేట ఊపిరి బిగబట్టలేదు. అవి మీరెలాగూ నమ్మి ఉండరు. మీరు నమ్మేసిన అబద్ధం వేరే ఉంది. అచ్చం మామలా అన్నానని కమలత్త ఒక్కనాడూ అనలేదు. నేను అడిగిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని వినేది. "కాదురా," అనేది, "ఇంకోసారి అను."