చెప్పులేసుకున్నాక నవ్వితే

మొన్న మధ్యాహ్నం నందిని సున్నపురాయి గనుల దారిలో లారీని కాటా మీదికి ఎక్కించి, తూకం చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల పాత ప్రింటరు కరకరమంటూ కాగితాన్ని కొరకడం మొదలుపెట్టింది. తూకం వేసే ఆయన నా మొహం చూసి ఏదో అన్నాడు. మాట చెవిన పడింది కానీ, ఆ కరకర నన్ను అప్పటికే భిలాయిలోని సుపేలాకు లాక్కుపోయింది. తొంభైల నాటి సుపేలాకు, టైర్ల దుకాణం పక్కనున్న ఒక రేకుల గదికి. అక్కడా ఇలాంటి ప్రింటరే ఉండేది. దాని పక్కన నరసమ్మ పిన్ని కూర్చునేది.

పిన్ని అంటే చుట్టరికం కాదు. ఆమెది విజయనగరం వైపు, మా అమ్మదీ అటే. భిలాయిలో పిన్ని కావడానికి ఆ మాత్రం చాలు. భర్త స్టీలు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి, కాపురం సెక్టర్ 4 క్వార్టరులో. ఆరు లారీలు ఆమె పేరు మీద ఉన్నాయంటే, పేరు మాత్రమే ఆమెది, నడిపేది భర్తేనని ఊరంతా అనుకునేది. నిజానికి మా ఆఫీసు తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా ఆయనకు తెలియదు. నేను ఎనిమిదిలో బడి మానేశాను. మా మాస్టారు మాత్రం బడే నన్ను మానేసిందనేవారు. టైర్ల దుకాణంలో పంక్చర్లు వేసుకునే నన్ను పిన్ని నా నోరు చూసి పనిలో పెట్టుకుంది. "నీ గొంతు రోడ్డవతల టీ కొట్టు దాకా ఎల్తాది గదరా అప్పన్నా. రేపట్నించి డ్రైవర్లని పిలు" అంది. సున్నపురాయి దింపి తిరిగొచ్చినవాళ్లు టీ కొట్టులో కూర్చుంటే, వంతు వచ్చినవాణ్ణి పేరుతో, ఆ పేరుకు రెండు తోకలు తగిలించి మరీ పిలిచేవాణ్ణి.

కంప్యూటరు వచ్చిన రోజున అందరినీ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పమన్నారు. దానికి దుమ్ము పడదట. పొద్దస్తమానం రాతి దుమ్ములో బతికే డ్రైవర్లు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు.

"దండమెట్టీసాం. కొబ్బరికాయ కూడా కొట్టీమంటావా పిన్నీ?" అన్నాను.

"కొట్టు. దాని మీద కాదు, నీ బుర్ర మీద" అంది, నవ్వుతూనే. ఆమెతో అదే సుఖం. మాట ఇక్కడ పడేలోగా నవ్వు అక్కడ లేచేది.

సాఫ్ట్‌వేరు రాసింది మూర్తిగారని ఒక ఇంజనీరు. లారీ గేటులోకి రాగానే నేను దాని నంబరు కొడితే, తర్వాతి లోడు ఎక్కడో ప్రింటరు చీటీ కక్కేది. వంతుల గొడవలు పోయాయి. మూర్తిగారూ మురిసిపోయారు, పిన్నీ మురిసిపోయింది. టీ కొట్టు బెంచీలు ఖాళీ అయిన సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు. వంతు కోసం పడిగాపులని మేం తిట్టుకున్న ఆ కాసేపే డ్రైవర్లు నడుం వాల్చే వేళ. అది ఏ లెక్కలోనూ లేదు కనుక మిషను దాన్ని శుభ్రంగా ఊడ్చేసింది.

ఒక రోజు మా డ్రైవరు సింహాచలం లారీ గేటులోకి వచ్చి ఆగింది. మనిషి దిగలేదు, ఇంజను నడుస్తూనే ఉంది. వెళ్లి చూస్తే బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. నా వెనకే వచ్చిన పిన్ని మెట్టెక్కి, లోపలికి చెయ్యి పెట్టి, తాళం తిప్పి ఇంజను ఆపింది. అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఏటైంది? లోడెక్కడ?"

"లోడూ లేదు ఏటీ లేదు. పడుకో."

"నాకు నిద్దరేటమ్మా! చీటీ ఇప్పించండి."

అలసిపోయానని ఒప్పుకునే డ్రైవరును నేను ఇంతవరకు చూడలేదు, అద్దంలో కూడా.

పిన్ని గదిలోకి వచ్చి ప్రింటరు పక్కన కూర్చుంది. తర్వాత అంది: "మా ఆయన రాత్రంతా సి షిఫ్టు చేసి పొద్దున్న ఇంటికొస్తారు కదా. అలిసిపోనారా అంటే లేదంటారు. అందుకే అడగను, ఏదో యెటకారం ఆడతాను. ఇడ్లీ నోట్లో ఎట్టుకునే లోపల నవ్వితే కూరలకి పంపుతాను. ఇడ్లీ అయిపోయాక నవ్వితే, కిటికీలకి దుప్పట్లు కట్టీసి, కూతకి లెగకుండా కుక్కరట్టుకెళ్లి పక్కింట్లో ఎట్టొస్తాను. నువ్వు రోజంతా ఊరికినే పేల్తావు కదరా. ఇకనించి పని కోసం పేలు."

మర్నాడు మూర్తిగారిని పిలిపించి, చీటీ రావాలంటే ముందు ఒక గడి నిండాలంది. గడికి పేరేం పెట్టమంటారని ఆయన అడిగితే, "నవ్వాడా లేదా అని ఎట్టండి" అంది. ఆయన నవ్వి, 'రెస్ట్' అని పెట్టారు. "వై అయినా కొట్టాలి, ఎన్ అయినా కొట్టాలి. ఎన్ కొడితే ప్రోగ్రాం ముందుకు పోదు మరి" అన్నారు. "పోకూడదనే కదండీ" అంది పిన్ని.

అలా బడి మానేసిన నా వేళాకోళం కంప్యూటరులోకి ఎక్కింది. డ్రైవరు రాగానే ఒక మాట విసిరి, నవ్వు ఎప్పుడొస్తుందో చూసేవాణ్ణి. వెంటనే వస్తే చీటీ, లేకపోతే బెంచీ.

ఒకసారి లోడింగు ఏజెంటు ఫోను చేశాడు. సాయంత్రంలోగా ఆరు బళ్లూ రాకపోతే నందిని దారి వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ఆ దారి పోతే మాకు మిగిలేది చిల్లర లోడ్లే. ఐదు లారీలు వెళ్లాయి. ఆరోది సింహాచలానిది.

"మావా, కంప్యూటరు నిన్ను అల్లుణ్ణి చేసుకుంటాదంట. ఒకటే షరతు, పెళ్లి రోజున కూడా ఒక ట్రిప్పు కొట్టాలంట" అన్నాను.

అతను తలూపాడు. మంచినీళ్లు తాగాడు. గుమ్మం దాకా వెళ్లి, చెప్పులేసుకుని, అప్పుడు నవ్వాడు.

నా వేలు మీట మీద ఆగింది. "నవ్వాడు పిన్నీ" అన్నాను.

"ఎప్పుడు నవ్వాడురా?"

నేను గుమ్మం వైపు చూశాను.

"చెప్పులేసుకున్నాక నవ్వాడు. ఎన్ కొట్టు."

సింహాచలం గుమ్మంలోంచే అరిచాడు. "నవ్వలేదని బండి ఆపీడమేటమ్మా? ఊర్లో ఎవలికైనా సెప్తే నవ్విపోతారు!"

"అలగైతే ముందు నువ్వు నవ్వు" అంది పిన్ని. అని, ఫోను వంక ఒకసారి చూసింది.

ఏజెంటు మాట నిలబెట్టుకున్నాడు. నందిని దారి పోయింది, ఆ తర్వాత రెండు లారీలు కూడా పోయాయి. పిన్ని రోజూ దుర్గ్, రాయపూర్ బస్సుల్లో లోడ్ల కోసం తిరిగేది. తిరిగొచ్చి ప్రింటరు పక్కన కూలబడి కాగితాలు చింపుకుంటూ ఉండేది. ఆ రోజు గురించి ఒక్కసారి కూడా తప్పు చేశాననలేదు. ఒప్పు చేశాననీ అనలేదు.

అలాంటి ఒక సాయంత్రం, ఆమెను తేలిక పరచాలని, "మన కంప్యూటరుకి కూడా బాగా రెస్టు దొరికింది పిన్నీ. దానికీ ఒక జోకు చెప్పి చూడనా?" అన్నాను. ఆమె కాగితం చింపింది. కళ్లజోడు తుడుచుకుంది. బయట ఒక బస్సు ఆగి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది. అప్పుడు నవ్వింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను ఆఫీసు తాళాలు తీసి జేబులో వేసుకున్నాను. "ఈ రోజుకి నీ బండి కదల్దు పిన్నీ" అన్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. చెప్పులు వెతుక్కుని, మెల్లగా లేచి, రిక్షా ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత మిగిలిన లారీలూ అమ్మేసి, వాళ్లు విజయనగరం వెళ్లిపోయారు. అక్కడే పోయిందని విన్నాను.

ఇప్పుడు నాకు ఒక లారీ ఉంది. ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే, చాటుగా ఓనరును తిట్టుకునేదీ నేనే. లోడ్లన్నీ ఫోనులోకే వస్తాయి. ఒకటి దింపక ముందే ఇంకొకటి మోగుతుంది. అందులో పిన్ని గడి లేదు. నాకు మాట విసిరి చూసేవాళ్లూ లేరు.

మొన్న చీటీ జేబులో పెట్టుకుని, లారీ ఎక్కి, ఇంజను స్టార్టు చేసి, గేరు మార్చబోతున్నాను. తూకం ఆయన అన్న మాట అప్పుడు వచ్చి తగిలింది. "ఏం భయ్యా, ఇవాళ బండి తేలిగ్గా తూగుతోంది, కబుర్లన్నీ దారిలో దింపేసి వచ్చావా?"

నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వాను. కిటికీలోంచి చూస్తే ఆయన అప్పటికే ఇంకో లారీకి చీటీ ఇస్తున్నాడు.

బండిని కాటా మీది నుంచి దింపి, పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపాను.