తాడు రెండో కొస

“నా మనవరాల్ని ఆ రోడ్డు దాటించీది నేదు. నానంపను. ఇంక మీరెల్లండి మేడమ్.”

“దానికి లెక్కలు ఎవరు చెబుతారు పైడమ్మగారూ? మన బళ్ళో లెక్కల టీచరు లేరు. అవతలి ఊరి బళ్ళో ఉన్నారు. మధ్యలో రోడ్డుంది. నన్నేం చెయ్యమంటారు?”

“రోడ్డు తీసీండి.”

“తియ్యగలిగితే ఎప్పుడో తీసేసేదాన్ని.”

వానాకాలంలో సరిగా ఆరని బట్టల ముక్కవాసన తగిలితే చాలు, ఆ శుక్రవారం సాయంత్రపు మాటలు ఇప్పటికీ నా చెవిలో పడతాయి. దండెం మీద నా మనవరాలు గౌరి యూనిఫారం చెమ్మగా వేలాడుతోంది. గుమ్మంలో నేను, కింద మెట్టు మీద మా ఊరి హైస్కూలు పెద్ద టీచరు భారతిగారు. తలుపు వెనక గౌరి వింటోంది.

మా ఊరు కూర్మన్నపాలేనికీ ఎలమంచిలికీ మధ్య, పెద్ద రోడ్డును ఆనుకుని ఉంటుంది. ఇనప చుట్టల లారీలు, బొగ్గు లారీలు పోతుంటే నా వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. మా ఆయన పాలక్యాను పట్టుకుని ఆ రోడ్డు దాటబోయి తిరిగి రాలేదు. క్యాను వచ్చింది, ఒక పక్క సొట్టపడి. పారేయడానికి మనసొప్పక సొట్ట తీయించి బియ్యం పోసుకుంటున్నాను. కానీ ఆ రోజు నుంచి రోడ్డు అవతల కాలు పెట్టలేదు. సొంత చెల్లెలి ఇల్లు అటువైపే. చూడాలనిపిస్తే అదే వచ్చేది. గౌరి అమ్మానాన్నలు పోర్టులో పనులు చేసుకుంటూ, పిల్లను నా దగ్గర వదిలారు. దానికేమైనా అయితే వాళ్ళకు నా మొహం ఎలా చూపించను?

భారతి టీచరు కృష్ణా జిల్లా మనిషి. సన్నగా, చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగుతో ఉండేవారు. మా బళ్ళో సైన్సు గది ఉంది, లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. అవతలి ఊళ్ళో లెక్కల మాస్టారున్నారు, సైన్సు గది లేదు. ఆ పై ఊళ్ళో కంప్యూటర్లున్నాయి, నేర్పేవాళ్ళు లేక గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ఆమె మూడు బళ్ళ పెద్దల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించారు. శనివారం మా పిల్లలు అటు వెళ్ళాలి, బుధవారం వాళ్ళ పిల్లలు బస్సులో ఇటు రావాలి. మా పిల్లలకు మాత్రం బస్సు దొరకలేదు. “ఏటి మేడమ్, బడులకి పెళ్ళిచూపులా?” అని పేరెంట్ల మీటింగులో ఎవరో ఎగతాళి చేశారు. “కాదు బాబూ, మూడు బీద కుటుంబాలు ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాయి” అన్నారామె. నాకు ఆ మాట నచ్చింది, వంటచెరుకు కలిసొస్తుంది గనక. రోడ్డే నచ్చలేదు.

మొదటి శనివారం తెల్లారకముందే లేచి గౌరి యూనిఫారాలు బకెట్లో ముంచేశాను. “రెండు జతలూ తడిపీసినావేటి నాన్నమ్మా! ఏటేసుకుని ఎల్లాలి?” అని పిల్ల ఏడ్చింది. పిలవడానికి వచ్చిన టీచరు బకెట్లోకి వంగి చూశారు. తిడతారనుకున్నాను. బట్టలు పిండి దండెం మీద వేస్తూ, “నానబెట్టారు గానీ సబ్బు వెయ్యలేదే” అన్నారు. నా తల వంగిపోయింది. అబద్ధానికి సబ్బు ఖర్చు చెయ్యడం నా వల్ల కాలేదు మరి.

రెండో శనివారమూ గౌరిని ఇంట్లోనే ఉంచి, ఏం జరుగుతుందో చూద్దామని నేనొక్కదాన్నే వెళ్ళి టీకొట్టు పక్కన నిలబడ్డాను. టీచరు నీలం ప్లాస్టిక్ తాడు ముందు కొస పట్టుకుని గొడుగు ఎత్తారు. పిల్లలంతా తాడు పట్టుకుని వెనక నడిచారు. సగం దాటాక చివరి పిల్ల చేతిలోంచి తాడు జారింది. ఆ పిల్ల రోడ్డు మధ్యలో కొయ్యబొమ్మలా ఆగిపోయింది. లారీ హారన్ మోగింది. టీచరు వెనక్కి పరుగెత్తి పిల్లను లాక్కుపోయారు. అవతల కల్వర్టు మీద కూర్చుని నీళ్ళ సీసా మూత తీయబోతే ఆమె చేతులు ఒకటే వణుకు. మూత రానేలేదు.

అందుకే ఆ శుక్రవారం ఆమె మళ్ళీ వచ్చినప్పుడు అడిగేశాను. “నాను సూసినాను. మీ సేతులు వణికినాయి. అంత బయమైతే మానీండి.”

ఆమె కాదనలేదు. మెట్టు మీద కూలబడ్డారు. “ప్రతి శనివారం వణుకుతాయమ్మా. శుక్రవారం ముద్ద దిగదు. రోడ్డు మీంచి దాటే వంతెన కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాను. అది వచ్చేలోగా వీళ్ళ పదో తరగతి అయిపోతుంది. ముందు నేనుంటాను. వెనక కొస పట్టుకునే పెద్దవాళ్ళే లేరు. అదే నా భయం.”

ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు టీచరుకు ఎక్కడికో బదిలీ అయింది. గౌరి ఇప్పుడు మధురవాడలో కాలేజీకి వెళుతోంది. వంతెన రాలేదు, లారీలు పెరిగాయి. ధైర్యం వచ్చిందా అని అడిగితే రాలేదనే చెబుతాను. శుక్రవారం నాకూ ముద్ద దిగదు. శనివారం మాత్రం ఇప్పటికీ నా అరచేతిలో కొబ్బరితాడు గరుకు ఉంటుంది. పిల్లల్ని దాటించడం ఆమె ఇచ్చిపోయిన పని.

ఆ శుక్రవారం మర్నాడు పొద్దున్న గౌరికి ఆరిన జత ఇచ్చాను. ప్లాస్టిక్ తాడు జారుతుంది, కొబ్బరితాడు జారదు. అందుకని నూతి దగ్గరి చేదతాడు విప్పి భుజాన వేసుకున్నాను. రోడ్డు దగ్గర టీచరు నన్ను చూసి, నీలం తాడు చుట్టి సంచిలో పెట్టేశారు. ముందు కొస ఆమె పట్టుకున్నారు. రెండో కొస నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. గొడుగు పైకి లేచింది. ఇనప చుట్టల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగింది. దాటాము. అవతల కల్వర్టు మీద టీచరు నీళ్ళ సీసా నా చేతికిచ్చారు. మూత నాకూ రాలేదు. గౌరి తీసింది.