ఎలుకలు తిన్నాయనుకున్న కొవ్వొత్తులు

సహోదరులారా, ఆరేళ్లపాటు నా నోట పరలోక జపం పూర్తిగా రాలేదు. గుడిలో అందరితోపాటు మొదలుపెట్టేదాన్ని, ఇతరులను మేము మన్నించినట్టు మమ్మల్ని మన్నించు అనే మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు మూసుకుపోయేది, పెదవులు మాత్రం ఆడించేదాన్ని, పక్కన కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు, దేవునికి తెలుసు. నా పేరు ఇన్నమ్మ, మాది రేపల్లె దగ్గర పల్లెటూరు, చదువు మూడో తరగతితో ఆగింది, తప్పులుంటే దిద్దుకొని చదవండి. మన బిషపుగారి మేత్రాసనం జూబిలీ సంచికలో గుడులు కట్టిన సంగతులు, బడులు పెట్టిన సంగతులు తెలిసినవాళ్లు రాస్తారు, నేను మాత్రం ఆ జూబిలీ వేళ దేవుడు నా ఇంట్లో చేసిన పని రాస్తున్నాను.

నాకు ఒక్కడే కొడుకు, బాలశౌరి. రేపల్లెలో బియ్యం మిల్లులో పనిచేసేవాడు, అక్కడే గది తీసుకొని కాపురం పెట్టాడు. తాగేవాడు. నేను ఏడ్చాను, తిట్టాను, ఉపవాసాలున్నాను, వాడు మానలేదు. నేను మెత్తని మనిషిని కాను, అందరికీ తెలుసు. చిరిగిన చీర బొంత అవ్వాలి, బొంత చిరిగితే మసిగుడ్డ అవ్వాలి, ఇంట్లో ఏదీ పారేయను, అలాంటిదాన్ని కడుపున పుట్టినవాణ్ణి పారేశాను.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. గుమ్మం పట్టుకొని తూలుతూ నిలబడ్డాడు, తువ్వాలు కళ్లమీదకు లాక్కొని ఉన్నాడు, నోటినుంచి ఘాటు వాసన.

"అమ్మా, కాస్త మజ్జిగన్నం పెట్టవే."

"తాగొచ్చినోడికి నా ఇంట్లో మెతుకు లేదు, పో."

"అది కాదమ్మా, నా మాట విను."

నేను వినలేదు. తలుపు వేసి గడియ పెట్టాను. వాడు అరుగు మీద కూలబడిన చప్పుడు విన్నాను, చాలాసేపటికి చెప్పులీడ్చుకుంటూ వెళ్లిన చప్పుడూ విన్నాను. పదోరోజున బాపట్ల నుంచి కబురొచ్చింది, వాడు ఆస్పత్రిలో పచ్చకామెర్లతో పోయాడని. కోడలు ఫిలోమినా తల్లికి బాగోలేక అప్పుడు బాపట్లలో పుట్టింట్లో ఉంది, నా గుమ్మం దిగి బస్సెక్కి ఆమె దగ్గరకు వెళ్లాడట. తాగేవాడికి కామెర్లు రాక ఎవరికొస్తాయని నేనే ఊరంతా చెప్పాను.

మట్టి చేసి వచ్చాక కోడలు నా దగ్గరే ఉండిపోయింది. వాడి పేరు ఇంట్లో పలకవద్దన్నాను, తను పలకలేదు.

ఆత్మల పండుగకు మనం సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా. ఫాదరుగారు తీర్థం చల్లి పక్క సమాధికి కదలగానే, మా అత్తమామల దగ్గర, మా ఆయన దగ్గర వెలిగించినవి నేను ఊదేసి కొంగులో వేసుకొనేదాన్ని. అందరూ వెళ్లాక వాళ్లు వదిలేసిన ముక్కలు కూడా ఏరి తెచ్చి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని, కరెంటు పోతే అవే మాకు దీపాలు. బాలశౌరి సమాధి గోడ వారగా ఉంది. అక్కడ ఒక్క వత్తీ వెలిగించలేదు.

ఆ డబ్బాలో ముక్కలు ఏటా తగ్గుతుండేవి. ఎలుకల పని అనుకొని ఎండుచేప గుచ్చి బోను పెట్టాను. ఒక్కటీ పడలేదు.

ఈ ఏడు జూబిలీకి మన చుట్టుపక్కల విచారణలన్నీ, అంటే ఒక్కో ఫాదరుగారి కింద ఉన్న ఊళ్లన్నీ, కలిసి తెనాలిలో పూజ చేయాలన్నారు. ప్రతి ఊరూ ఒక పెద్ద కొవ్వొత్తి తేవాలని, మన ఇళ్లలో విశ్వాసంతో బతికి పోయినవాళ్ల పేర్లు ఇంటింటా కాగితం మీద రాసి పీఠం దగ్గర పెట్టాలని ఫాదరుగారు చెప్పారు. ఊళ్లో జపాలు నడిపించే మా ఉపదేశిగారు నవ్వుతూ, "కొనేదేముందండి, మా ఇన్నమ్మత్త డబ్బా దించితే తాటిచెట్టంత కొవ్వొత్తి అవుద్ది" అన్నారు. గుడంతా నవ్వింది. నేను సరేనన్నాను.

ఇంటికొచ్చి డబ్బా దించితే సగం కూడా లేదు.

"చూశావటే ఫిలోమినా, బోను పెట్టినా తినేసినియ్యి ముదనష్టపు ఎలకలు."

కోడలు పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "ఎలకలు కాదత్తయ్యా. నేనే తీశాను."

"నువ్వా? ఏం చేసుకున్నావే?"

"ఆయన దగ్గర వెలిగించాను. ఏటా మీరు ఇంటికొచ్చేశాక వెళ్తన్నాను."

"తాగి చచ్చినోడికి నా కొవ్వొత్తులా?"

"ఆ రోజు ఆయన తాగలేదండి."

నా మొహం చూడకుండా చెప్పింది. అప్పటికి వాడు మందు మానేసి నాలుగు నెలలైందట. కామెర్లకు నాటువైద్యుడి దగ్గర పసరు తాగి వచ్చాడు, నాకు కొట్టింది ఆ పసరు వాసన. తూలింది నీరసానికి. కళ్లు పచ్చబడ్డాయని తువ్వాలు కప్పుకున్నాడు. ఆ మందు తాగినవాళ్లు ఉప్పు తగలకుండా మజ్జిగన్నమే తినాలి. "మా అమ్మయితే ఎంత బతిమాలినా ఉప్పుకల్లు వెయ్యదు, అక్కడే నా పత్యం నిలబడుతుంది" అనుకొని నా దగ్గరకు వచ్చాడట.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమే?"

"అమ్మకు చెప్పొద్దన్నాడండి. తెలిస్తే అమ్మ ఇంక అన్నం తినదన్నాడు."

సహోదరులారా, వాణ్ణి మన్నించలేకే నా గొంతు పట్టుకుపోతోందని ఆరేళ్లు అనుకున్నాను, మన్నింపు అడగవలసినదాన్ని నేనని ఆ పూట తెలిసింది. ఏ గడియ వాడి మీద పెట్టానో ఆ తలుపు దగ్గరే మోకరించి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నా బిడ్డ ఆకలితో బయట కూర్చుంటే నేను లోపల ఉన్నాను. వాడికి నేను తలుపు తీయలేదు. నువ్వు తియ్యి. నాకు తీయకపోయినా వాడికి తియ్యి." కోడలు వచ్చి పక్కన మోకరించింది. దాని కాళ్లు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు.

మర్నాడు ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకొని నా తప్పు ఒప్పుకున్నాను. మిగిలిన ముక్కలు కరిగించి, నూనె రాసిన గొట్టంలో కోడలు పోస్తుంటే నేను వత్తి పట్టుకున్నాను. తాటిచెట్టంత కాలేదు, మూరెడయింది. కాగితం మీద మా అత్తమామల పేర్లు, మా ఆయన పేరు రాశాను, బాలశౌరి అని రాయడానికి చాలాసేపు పట్టింది, అక్షరాలు వంకరగా వచ్చాయి, అలాగే ఉంచాను.

రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్లాం. ఇద్దరం కలిసి ఆ కొవ్వొత్తిని, కాగితాన్ని పీఠం దగ్గరకు తీసుకెళ్లాం. అంతమంది మధ్య పరలోక జపం మొదలైంది, మన్నించే మాట వచ్చింది, నా గొంతు దాటింది. ఆరేళ్ల తర్వాత చివరిదాకా చెప్పాను. పూజ అయ్యాక అలవాటుగా కొవ్వొత్తి ఊదబోయి ఆగిపోయాను. కాలనిచ్చాను.

నా దుఃఖం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మజ్జిగన్నం నాకు ఇప్పటికీ గొంతు దిగదు. కాని ప్రార్థన గొంతు దాటి వస్తోంది, కొడుకు పేరు ఇంట్లో పలుకుతున్నాం, అది దేవుడు చేసిన పని, నాది కాదు, మహిమ ఆయనదే. మీ ఇంట్లో పలకని పేరు ఏదైనా ఉంటే ఆయన పాదాల దగ్గర పెట్టండి, ఎంత వంకర అక్షరాలైనా ఆయన చదువుకుంటాడు. మీ గుమ్మంలో ఎవరైనా తూలుతూ నిలబడితే ముందు తువ్వాలు తీసి మొహం చూడండి, తలుపు సంగతి తర్వాత చూసుకోవచ్చు.