తెర మీది అక్షరాలు, చేతిలోని నాడి

గార్లలో ఒక అమ్మాయి పదో తరగతి పరీక్షకు అడ్డం పడ్డ ఘనుణ్ని నేను. అదీ మామూలుగా కాదు, సైన్సు పేరు చెప్పి మరీ పడ్డాను. ఆ ప్రమాదం ఎట్లా జరిగిందో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే.

ఎనభైల మొదట్లో వరంగల్లులో ఎం.ఎడ్. చదువుతున్నాను. వయోజన విద్యా కేంద్రాల్లో స్లైడు బొమ్మలేసి అక్షరాలు నేర్పుతున్న కాలమది. తెర మీది అక్షరాలు చదివేటప్పుడు మనిషి బుర్ర ఎంత కష్టపడుతుందో కొలవమని మా ప్రొఫెసరు నాకు పని అప్పగించారు. చదవకముందు నాడి చూడాలి, చదువుతుండగా చూడాలి. నాడి వేగం ఎంత పెరిగితే బుర్రకు అంత శ్రమ. నాడి ఎట్లా పట్టుకోవాలో కూడా ఆయన చెప్పారట. ఆ సమయంలో నేను కాబోయే డాక్టరేటు గురించి ఆలోచిస్తున్నాను.

గార్లలో మా అక్క ఇల్లుంది కాబట్టి భోజనానికి ఢోకా లేదని ఆ ఊరే ఎంచుకున్నాను. అరువు తెచ్చిన ప్రొజెక్టరును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని పాసింజర్ బండిలో దిగాను. కిరాణా కొట్టు ఐలయ్య తన గోదాము గది ఇచ్చాడు. కిటికీలకు గొంగళ్లు కట్టి, గోడకు మా బావ తెల్లధోతి వేలాడదీసి, పట్టపగలే చీకటి చేశాను.

మొదట ఐలయ్య తల్లి లచ్చవ్వ కూర్చుంది. తెర మీద 'నీళ్లు కాచి తాగాలి' అని వేశాను. నాడి చెరువులో నీళ్లలా నిమ్మళంగా ఉంది. ఆహా, ఎంత తేలిగ్గా చదివిందీ అని మురిసిపోయి, కష్టమేమన్నా అనిపించిందా అవ్వా అని అడిగాను.

"ఏం కష్టం బిడ్డ, నాకు అచ్చరాలే రావు," అన్నది లచ్చవ్వ.

బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు.

తర్వాత ఐలయ్య బిడ్డ సరోజ వచ్చింది. తొమ్మిది దాకా చదివి, తల్లి పోయాక బడి మానేసి, ఇంటిపని చేసుకుంటూ పదికి ప్రైవేటుగా కట్టబోతున్న అమ్మాయి. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. తెర మీది వాక్యం గడగడా చదివేసింది. నాడి మాత్రం జొన్నచేనులో పడ్డ మేకలా గంతులేస్తోంది. ఇంకో స్లైడు వేశాను, ఇంకా పెరిగింది. ఆమె తల తిప్పి, ఏమైంది సార్ అన్నట్టు నా వైపు చూసింది. అప్పుడైతే లెక్కే తప్పింది.

నేను గొంతు సవరించుకుని, గుమ్మంలో నిలబడ్డ ఐలయ్యకు తీర్పు చెప్పాను. చదివితే ఈ అమ్మాయి బుర్రకు విపరీతమైన శ్రమ అవుతోంది, ఈ ఏడాదికి పరీక్ష ఆపితే మంచిది. దవాఖానలో పెద్దడాక్టరు కూడా అంత గంభీరంగా చెప్పడు. భార్యను పోగొట్టుకున్న మనిషి, బిడ్డకేమైనా అవుతుందేమోనని బెదిరిపోయాడు. వద్దులే బిడ్డా అన్నాడు. సరోజ పుస్తకాలు తీసి అటక మీద పెట్టిందని మా అక్క తర్వాత చెప్పింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు, కానీ సైన్సు సైన్సే కదా అనుకున్నాను.

వరంగల్లులో ప్రొఫెసరు నా అంకెలు చూసి కళ్లజోడు తీశారు. చదువు రాని ముసలమ్మకు లేని కష్టం తొమ్మిది చదివిన పిల్లకు ఎందుకొచ్చిందని అడిగారు. ఎట్లా పట్టుకున్నావో చూపమని చెయ్యి చాపారు. ఆయన మణికట్టు మీద నా బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

"బొటనవేలికి దాని నాడి దానికుంటదయ్యా. నువ్వు లెక్కపెట్టింది నీ గుండెను," అన్నారాయన. మళ్లీ ఒకసారి అంకెలు చూసి, నా మొహం చూసి, నవ్వు ఆపుకుంటూ ముందు పోయి ఆ పిల్లను పరీక్ష రాయమని చెప్పమన్నారు.

పరీక్ష ఫారాలకు గడువు దగ్గర పడింది. దొరికిన బండెక్కి గార్లలో దిగి, కొట్టు ముందు నిలబడి, రక్తనాళాల నుంచి మొదలుపెట్టి చాలాసేపు వివరించాను. ఐలయ్య పప్పు తూకం ఆపి విన్నాడు.

"అంటే మా బిడ్డకు ఏం కాలే?"

"ఏం కాలేదు. తప్పు నాదే."

"గట్ల కొట్టుకున్నది నీ గుండెనా?"

"నాదే."

ఐలయ్య తక్కెడ కింద పెట్టాడు. "మా అవ్వ చెయ్యి పట్టుకుంటె మంచిగనే ఉండె గద. మా బిడ్డ కాడికొచ్చెవరకు నీ గుండెకేమైంది?"

ఈ పాఠం ఎం.ఎడ్.లో లేదు. నేను బెల్లం బుట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి సరోజ గొంతు వినిపించింది.

"నాయినా, సారుకు జర మంచినీళ్లియ్యి. చెమటలు వడుతున్నయ్."

ఆ నీళ్లు తాగుతుంటే ఐలయ్య మీసాల చాటున నవ్వాడు. ఆ పూటే ఫారం నింపారు. నేను ఊరందరి నాడి రెండువేళ్లతో మళ్లీ చూశాను. సరోజ మాత్రం చెయ్యి ఇవ్వలేదు, పరీక్షలైనంక చూద్దాం సార్ అన్నది. ఆ పరీక్ష ఆమె మంచి మార్కులతో గట్టెక్కింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో సైన్సు పేరు చెప్పి ఎవరి చెయ్యీ పట్టుకోను. సరోజ చెయ్యి అంటారా, అది ఇన్నేళ్లుగా పట్టుకునే ఉన్నాను. లెక్కపెట్టడం మాత్రం మానేశాను.