వెన్ను తడిమిన చెయ్యి

మా మేనమామ గొర్రెను కొనేముందు దాని కళ్ళు చూడడు, పళ్ళు చూడడు. వెన్ను మీద చెయ్యి పెట్టి వేళ్ళతో ఒత్తి చూస్తాడు. ఎముక తగిలితే వదిలేస్తాడు. మక్తల్ సంతలో ఆ చేతికి తిరుగులేదని పేరు. ఆయన చెయ్యి పెట్టని గొర్రెను మా బాపు ఒక్కదాన్నీ మందలో కలపలేదు.

పందొమ్మిది వందల అరవైలలో ఒక చలికాలం మా అమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పాలమూరు దవాఖానలో మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ నిలబెట్టి, ముక్కులోకి రబ్బరు గొట్టం పెట్టారు. అమ్మ కళ్ళు తెరవకుండా పడి ఉంది. ఆ గాలి అందుతున్నంతసేపే ఆశ అన్నాడు డాక్టరు. పక్క మంచం మీద అదే జబ్బుతో ఒక లావుపాటి ఆమె. ఆమెకూ గొట్టమే.

మామ చూడటానికి వచ్చాడు. ఎట్లుందని నన్ను ఒక్క మాట అడగలేదు. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి అమ్మ వెన్ను తడిమాడు. ఆ చేతి నిండా ఉన్ని జిడ్డూ బీడీ కంపూ.

"ఎముకలే తగుల్తున్నయి బావా. కండ లేదు. గీమె దాటది," అన్నాడు బాపుతో. పక్క మంచం వైపు గడ్డం ఎత్తాడు. "గామెను చూడు, గామె బత్కుతది. మనం ఇంటికి తీస్కపోదాం. పానం ఇంట్లనే పోనీ."

అందరూ తిన్నాక జొన్న గటక కుండ అడుగు గీక్కుని తినే మనిషికి కండ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ కుండలోంచి ముందు తిని లేచినవాళ్ళే ఇప్పుడు కండ లేదంటున్నారు. ఛీ, ఏం మనుషులు!

బాపు కండువా భుజాన వేసుకున్నాడు. "బండి కట్టుకొస్త," అని బయటికి నడిచాడు. మామ మీదకంటే ఆయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

నేను అమ్మ మీదికి వంగి మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. "గొట్టం ముట్టుకుంటే కొరుకుత మామా," అన్నాను. అప్పటికే నేనూ ఒక బిడ్డ తల్లిని, అయినా నిజంగానే కొరికేదాన్ని. నా కేకలకు డాక్టరు వచ్చి ఆయన్ను బయటికి పంపాడు. బండి ఖాళీగానే ఊరికి పోయింది.

అమ్మ బతికింది. పక్క మంచం ఆమె కూడా బతికింది.

"సగం ముచ్చట నిజమయింది గద," అన్నాడు మామ, అమ్మ ఇంటికొచ్చిన నెలకు మా ఇంట్లో కూర్చుని మూలుగ ఎముక చీకుతూ.

గోడకానుకుని ఉన్న అమ్మ ఆయన వైపు చెయ్యి చాపింది. "మళ్ల చూస్తవా అన్నా? జర కండ పట్టింది."

మామ ఎముక చేతిలోనే పట్టుకుని బిత్తరపోయాడు. బాపు పకపకా నవ్వాడు. అమ్మ బాపు వంక చూడలేదు. నాతో అంది.

"బండి కట్టుకొస్త అన్నడు మీ బాపు. నాకు ఇనొచ్చింది బిడ్డా."