ఒక జత తిప్పి, ఒక జత మరిచి

తెలంగాణ వచ్చిన మూడో ఏడు వేసవిలో నన్ను నల్లగొండ నుంచి జడ్చర్ల దగ్గరి ఒక గ్రానైట్ కార్ఖానాకు పంపారు. అప్పటికి నేను ఒక యంత్రాల కంపెనీలో ఎలక్ట్రికల్ డిప్యూటీ మేనేజర్‌ను. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నాకు రాని వైరింగ్ లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేదని తర్వాత తెలిసింది.

పాత రాయికోత యంత్రానికి కొత్త మోషన్ కంట్రోలర్ పెట్టాలి. కంట్రోలర్ మోటారును స్వయంగా తిప్పదు, చిన్న వోల్టేజీతో ఆజ్ఞ ఇస్తుంది. ఆంప్లిఫయర్ దాన్ని అందుకుని మోటారుకు కరెంటు పంపుతుంది. మోటారు ఎంత తిరిగిందో వెనకనున్న ఎన్‌కోడర్ కంట్రోలర్‌కు జవాబు చెబుతుంది. ఆజ్ఞ, జవాబు ఒకే దిక్కున ఉండాలి. ఎదురు దిక్కులైతే కంట్రోలర్ తప్పు దిద్దబోయి ఇంకా పెంచుతుంది, మోటారు ఆగకుండా పరుగెత్తుతుంది. అందుకే ముందు మోటారు షాఫ్టును చేత్తో తిప్పి, కంట్రోలర్‌లో అంకెలు ఎటు మారుతున్నాయో చూడాలి. తర్వాత మోటారును కోత తలకు కలిపే బెల్టు విప్పి, కొద్దిపాటి ఆజ్ఞ ఇచ్చి చూడాలి. దీన్ని నేనే కనిపెట్టినట్టు ముప్పయ్యేళ్లు కనిపించిన ప్రతి వైర్‌మన్‌కూ పాఠం చెప్పాను.

అక్కడ నేను గీసిన డ్రాయింగు చూసి తీగలు కలిపింది ఎల్లయ్య. రోజూ కల్వకుర్తి నుంచి బస్సులో వచ్చే కాంట్రాక్టు వైర్‌మన్. ఈ యంత్రం నడిస్తే పర్మనెంట్ చేస్తానని ఓనరు మాటిచ్చాడు. ఆ మాట ఎల్లయ్య ఇంట్లో కూడా చెప్పుకున్నాడు.

ఓనరు పదకొండున్నరకు ముహూర్తం పెట్టించాడు. పావుగంట ముందు ఎల్లయ్య నా దగ్గరికొచ్చాడు.

"సార్, బెల్టు ఇప్పి ఒక్కసారి చూద్దామా? పది నిమిషాల పని."

"నా డ్రాయింగు మీద నమ్మకం లేదా?" అన్నాను.

"నమ్మకం సంగతి గాదు సార్. మీరే చెప్పిండ్రు గద."

ముహూర్తం దాటిపోతుందన్నాను. ఇంట్లో మా ఆవిడ ముహూర్తాలను వెక్కిరించే మనిషిని నేనే.

కొబ్బరికాయ కొట్టారు, నేను స్విచ్చి వేశాను. కోత తల పట్టాల చివరిదాకా దూసుకుపోయి అక్కడ అడ్డుగా ఉండే స్టాపరును వంచేసింది. పూజ పళ్లెం ఎగిరిపడింది. పంతులుగారు ఆ వయసులో అంత దూరం దూకగలరని ఎవరూ అనుకోలేదు. ఎల్లయ్య యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ నొక్కాడు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"గీ వైరింగ్ ఎవ్వడు చేసిండు?" ఓనరు అరిచాడు.

నా చెయ్యి మెదడును అడగకుండానే ఎల్లయ్యను చూపించింది. కంట్రోలర్ మాట వినని మోటారంటే అదే.

"రేపటి సంది రాకు పో" అన్నాడు ఓనరు.

ఎల్లయ్య నేరుగా యంత్రం దగ్గరికి నడిచాడు. ప్యానెల్ తలుపు తీసి, డ్రాయింగు తెచ్చి నా ముందు పరిచాడు. "తీగ తీగకు నంబరుంది సార్. డ్రాయింగుల ఎట్లుంటే గట్లనే కలిపిన. జర మీరే చూడుండ్రి."

చూశాను. ఈ యంత్రంలో మోటారును తిరగేసి బిగించారని ఎన్‌కోడర్ తీగల జతను డ్రాయింగులో తారుమారు చేశాను. దాంతోపాటు ఆజ్ఞ తీగల ప్లస్, మైనస్ కూడా మార్చాలి. అది మరిచిపోయాను. అడుగున "గీసినవారు", "పరిశీలించినవారు" అని రెండు గడులు. రెండింట్లోనూ నా సంతకమే. రెండోది కాస్త పెద్దగా ఉంది.

తప్పు నాదని ఓనరుకు చెప్పాను. "గింత పెద్ద సారు, మీరా?" అన్నాడు. నేనేనన్నాను. రిపోర్టులోనూ అదే రాశాను: డ్రాయింగు తప్పు, వైరింగ్ ఒప్పు.

రెండు తీగలు మార్చి, బెల్టు విప్పి, చేత్తో తిప్పి చూశాం. స్టాపరు మార్చాక నాలుగింటికి యంత్రం నడిచింది. ఆ వేళ ముహూర్తమెలాంటిదో ఎవరూ అడగలేదు. మరుసటి నెల ఎల్లయ్యకు పర్మనెంట్ ఆర్డరు వచ్చింది.

గీసినవాడి కంటికి తను గీయాలనుకున్నదే కనబడుతుంది, గీసింది కనబడదు. ఆ కార్ఖానాలో మిగిలిన రెండు యంత్రాల డ్రాయింగులకు పరిశీలించినవారి గడి ఖాళీగా వదిలి ఎల్లయ్యకు పంపాను. మొదటిది మూడో రోజే తిరిగొచ్చింది, సంతకం లేకుండా. రెండు చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. రెండూ నా తప్పులే.